ముంగిట గడ్డి.. కొండ అవతలి నీళ్లు

అనంతపురం కంటే తక్కువ వాన పడే ఊరది. అక్టోబరు నుంచి మే దాకా ఏ రాత్రి మంచు గడ్డకడుతుందో తెలియదు. అయినా ఇంటింటి ముందూ పచ్చిక ఉండాల్సిందే. అమెరికాలోని డెన్వర్ నగరం తరాలుగా పెంచుకుంటూ వచ్చిన ఈ ముచ్చటకు 2026 జనవరి 1 నుంచి చట్టం కొంతమేర పగ్గాలు వేసింది. చలి, ఎండుగాలి ఉన్న నేల మీద లాన్ పెంచడం ఎంత కష్టం? ఎంత అవసరం?

జూన్ నెల, శనివారం పొద్దున. డెన్వర్‌కు దక్షిణాన ఓ కాలనీలో గడ్డి కోసే మిషన్ల రొద మొదలైంది. ఒకరు అందుకుంటే చాలు, వీధంతా అందుకుంటుంది. వాకిట్లో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్న పెద్దాయన కొడుకునే చూస్తున్నారు. కళ్యాణదుర్గం దగ్గరి పల్లె ఆయనది. జీవితమంతా వేరుశనగ వేసిన రైతు. మనవల్ని చూడ్డానికి ఆర్నెల్ల కోసం వచ్చారు. కొడుకు మిషన్ ఆపి, వెనక తగిలించిన సంచి ఊడదీసి, నిండా ఉన్న పచ్చి గడ్డిని కాగితపు సంచుల్లోకి దులిపాడు. చెత్త బండి కోసం వాటిని రోడ్డు వారగా నిలబెట్టాడు. పెద్దాయన లేచి వెళ్లి ఓ పిడికెడు తీసి వాసన చూశారు.

"ఏందిరా, ఇంత లేత గడ్డి బయట పారేస్తాండావు?"

"ఈడ గొడ్లు యాడున్నాయి నాయనా!"

"మరి ఎవురికోసం పెంచుతాండావు?"

కొడుకు నవ్వేసి ఊరుకున్నాడు. అంతలో పక్కింటి లాన్‌లో నేలలోంచి స్ప్రింక్లర్లు లేచి చిమ్మడం మొదలెట్టాయి. అందులో ఒకటి పక్కకు తిరిగిపోయి, గడ్డిని వదిలేసి కారు నిలిపే సిమెంటు జాగాను తడుపుతోంది. నీళ్లు వాలుగా పారి వీధి కాలవలో కలుస్తున్నాయి. పెద్దాయన ఆగలేకపోయారు. పంచె ఎగ్గట్టి, పోయి అరచేత్తో దాని తల తిప్పబోయారు. "అది వాళ్ల జాగా నాయనా, వచ్చేయ్!" అని కొడుకు కేకేశాడు.

అనంతపురం రైతుకు ఆ నీళ్లు చూస్తే ప్రాణం ఉసూరుమందంటే అర్థం ఉంది. కరవు జిల్లా అని పేరుపడ్డ అనంతపురంలో ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. డెన్వర్‌లో వాన, కరిగిన మంచు అన్నీ కలిపినా సుమారు 365 మిల్లీమీటర్లు దాటదు. ఆ నేల మీద పచ్చగా ఉన్నదంతా పైపుల్లోంచి వచ్చిన పచ్చదనమే.

ఎవరూ తొక్కని పచ్చిక

2024 మార్చిలో, డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్ర గవర్నర్ జారెడ్ పోలిస్ ఓ బిల్లు మీద సంతకం చేశారు. 2026 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. దుకాణాలు, ఆఫీసులు, ఫ్యాక్టరీల ఆవరణల్లో, రోడ్ల మధ్య డివైడర్లలో, కాలనీల ఉమ్మడి స్థలాల్లో ఉత్త అలంకారం కోసం కొత్తగా గడ్డి పరచకూడదన్నది దాని సారాంశం. ప్లాస్టిక్ గడ్డి కూడా కుదరదు. పిల్లలు ఆడుకునే మైదానాలకు, జనం వచ్చి కూర్చునే పార్కులకు ఇబ్బంది లేదు. సొంత ఇళ్ల ముంగిళ్ల జోలికీ ఈ చట్టం పోలేదు. ఇప్పటికే ఉన్న పచ్చికను పీకేయమనీ అనలేదు.

చట్టం గీసిన గీత చాలా సూటిగా ఉంది. ఈ గడ్డి మీద ఎవరైనా నడుస్తున్నారా? దాన్ని కోసే మనిషి తప్ప మరెవరూ అడుగుపెట్టని గడ్డికి తాగునీరు ఎందుకు పోయాలి? బ్యాంకు ముందు, మాల్ పార్కింగ్ చుట్టూ, రెండు రోడ్ల మధ్య ఆరడుగుల పట్టీలో ఉన్న పచ్చికను ఒకసారి ఆ కంటితో చూస్తే జవాబు దొరికిపోతుంది.

ఇళ్ల సంగతి నగరాలు చూసుకుంటున్నాయి. తెలుగు కుటుంబాలు బాగానే ఉన్న అరోరా నగరం 2022లోనే కొత్తగా కట్టే ఇళ్ల ముందు నీళ్లెక్కువ తాగే, చల్లటి వాతావరణంలో పెరిగే రకం గడ్డి వద్దంది. పెరట్లోనూ పరిమితి పెట్టింది. నెవాడా రాష్ట్రం ఇంకా గట్టిగా పోయింది. లాస్‌వేగాస్ ప్రాంతంలో అలంకారపు గడ్డికి కొలరాడో నది నీళ్లు వాడటం 2026 చివరితో ఆగిపోవాలని 2021లోనే శాసనం చేసింది. అక్కడ మండే ఎడారి, ఇక్కడ మంచు కొండలు. తాగేది మాత్రం ఒకే నది నీళ్లు.

వాన దేశపు ముచ్చట

ఇంటి ముందు నున్నగా కోసిన పచ్చిక ఇంగ్లండ్ జమీందార్ల వైభవం. అక్కడ ఏడాది పొడుగునా చినుకు పడుతూనే ఉంటుంది కాబట్టి గడ్డి దానంతటదే పెరిగేది. కోయడానికి కూలీలు, మేయడానికి గొర్రెలు ఉండేవి. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు, బట్టల మిల్లులో గుడ్డ మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి గడ్డి కోసే మిషన్ తయారుచేశాడు. దాంతో జమీందారు ముచ్చట మధ్యతరగతికి అందింది.

అమెరికాలో దాన్ని మర్యాదగా మార్చినవాళ్లలో ఫ్రాంక్ స్కాట్ ఒకడు. ఇంటి ముందు పచ్చికకు అడ్డంగా కంచె కట్టుకోవడం ఇరుగుపొరుగుకు అన్యాయం చేయడమేనని 1870లో ఏకంగా పుస్తకమే రాశాడు. అమెరికా కాలనీల్లో నేటికీ ముందు వాకిలికి ప్రహరీ కనిపించకపోవడం వెనక ఆ ఆలోచన ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వేల సంఖ్యలో ఒకే తీరు ఇళ్లు లేచాయి. ఒక్కో ఇంటితో పాటు ఒక్కో లాన్. తూర్పున వానలు పడే రాష్ట్రాల్లో మొదలైన అలవాటు, వానలు లేని పడమటికి సామానుతో పాటు వచ్చేసింది.

డెన్వర్ ఆ ముచ్చట తీర్చుకోవడం ఇంకా ముందే మొదలెట్టింది. 1867 నాటికి సౌత్ ప్లాట్ నది నుంచి ఊళ్లోకి సిటీ డిచ్ పేరుతో కాలవ తవ్వుకున్నారు. దాని పిల్లకాలవలు వీధుల వెంట పారుతూ చెట్లనూ గడ్డినీ తడిపేవి. అంతకుముందు అక్కడున్నది బైసన్ మందలు మేసిన పొట్టి గడ్డి మైదానం. దాన్ని దున్నేసి, యూరప్ నుంచి వచ్చిన కెంటకీ బ్లూగ్రాస్ వేశారు.

ఇప్పుడు అమెరికా మొత్తం మీద పచ్చిక ఎంత ఉందో ఉపగ్రహ చిత్రాల సాయంతో శాస్త్రవేత్త క్రిస్టినా మిలేసీ బృందం 2005లో అంచనా వేసింది. తేలిన లెక్క సుమారు 1,63,000 చదరపు కిలోమీటర్లు. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం కూడా ఇంచుమించు అంతే. నీళ్లు పెట్టి పండించే మొక్కజొన్న కూడా ఆ దేశంలో ఇంత విస్తీర్ణంలో లేదు.

కొండ కింద సొరంగం

డెన్వర్ ఉన్నది రాకీ పర్వతాలకు తూర్పున. మంచు ఎక్కువగా కురిసేది, నీళ్లు ఎక్కువగా పారేది పడమటి వైపు. అందుకని కొండను తొలిచారు. 1962లో పూర్తయిన రాబర్ట్స్ సొరంగం పొడవు 37 కిలోమీటర్లు. పడమటి వాలులోని డిల్లన్ జలాశయం నుంచి పర్వతాల అడుగుగా నీళ్లను నగరం వైపు తెస్తుంది. ఆ జలాశయం కోసం డిల్లన్ అనే ఊరు ఊరే తరలిపోయింది. శ్రీశైలం ముంపు గ్రామాల కథ తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. నేడు డెన్వర్ తాగే నీటిలో సగం దాకా కొలరాడో నదీ పరీవాహకం నుంచి వచ్చేదే.

ఆ తర్వాత నగరం పెరిగింది, ఇంకో పెద్ద ఆనకట్ట కావాలంది. టూ ఫోర్క్స్ ప్రాజెక్టు పేరుతో దశాబ్దాలు నలిగిన ఆ పథకాన్ని 1990లో కేంద్ర పర్యావరణ సంస్థ తిరస్కరించింది. కొత్త నీళ్లు తెచ్చే దారి మూసుకుపోయాక, ఉన్న నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చూసుకోవాల్సి వచ్చింది. చూస్తే సొంత ఇళ్ల వాడకంలో సగానికి దగ్గరగా ఆరుబయటికే పోతోంది.

కొలరాడో నది మీద ఏడు రాష్ట్రాలు, మెక్సికో, సుమారు 4 కోట్ల జనం ఆధారపడి ఉన్నారు. 1922 నాటి ఒప్పందం పంచిపెట్టినన్ని నీళ్లు నదిలో లేవు. కరవొస్తే ఎవరు ఎంత తగ్గించుకోవాలో చెప్పే 2007 నాటి నిబంధనల గడువు 2026తో ముగుస్తోంది. కృష్ణా జలాల పేచీలు చూస్తూ పెరిగిన మనకు ఆ చర్చల తీరు కొత్తేమీ కాదు.

అయితే లాన్‌ను ఒక్కదాన్నే దొంగగా నిలబెట్టడం న్యాయం కాదు. కొలరాడో రాష్ట్రంలో వాడే నీటిలో 90 శాతం దాకా సేద్యానిదే. ఊళ్ల వాటా 7 శాతం. అందులో తోటలకూ పచ్చికకూ పోయేది మొత్తం మీద 3 శాతం లోపే. రైతులు ఈ లెక్క తరచూ గుర్తుచేస్తుంటారు. కానీ పొలానికి పోయే నీళ్లు తిండిగా తిరిగొస్తాయి. ఎండాకాలం నగరం మీద పడే నీటి ఒత్తిడికి అసలు కారణం మాత్రం ఈ 3 శాతమే. ఎవరి కడుపూ కొట్టకుండా తగ్గించుకోగలిగిందీ అదే.

▌లెక్క చూద్దాం

▪ 200 గజాల పచ్చికపై ఒక్క అంగుళం నీరు నిలవాలంటే సుమారు 4,250 లీటర్లు కావాలి.

▪ డెన్వర్‌లో బ్లూగ్రాస్ పచ్చగా ఉండాలంటే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 24 నుంచి 30 అంగుళాలు అడుగుతుంది. జులైలో అయితే వారానికి ఒకటిన్నర అంగుళం పైమాటే.

▪ వాన ఇచ్చింది పోను 15 అంగుళాలు పెట్టినా సీజన్‌కు 60 వేల లీటర్లు దాటుతుంది. హైదరాబాద్ లెక్కలో 5,000 లీటర్ల ట్యాంకర్లు పన్నెండు, పదమూడు.

▪ మామూలు ఏడాదిలోనూ డెన్వర్ వాటర్ సంస్థ నియమం ఇది: వేసవిలో పొద్దున 10 నుంచి సాయంత్రం 6 దాకా స్ప్రింక్లర్ తిప్పకూడదు. వారానికి మూడు రోజులు మించకూడదు.

చలి కంటే ఎండుగాలి ప్రమాదం

చలిదేశంలో గడ్డి చలికి చస్తుందనుకుంటాం. బ్లూగ్రాస్‌కు చలి లెక్కే కాదు. చలికాలమంతా పడుకుని మార్చి చివర్లో మళ్లీ చిగురేస్తుంది. దాన్ని చంపేది శీతకాలపు ఎండ. డెన్వర్ సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. పల్చటి గాలి, నెత్తి మీద చురుకైన సూర్యుడు. కురిసే మంచు కూడా పొడి మంచు. పది అంగుళాలు పడితే కరిగాక ఒక్క అంగుళం నీరు మిగలడమే గొప్ప. అందులో కొంత కరగకుండానే గాలిలో కలిసిపోతుంది. జనవరిలో చినూక్ అనే వెచ్చటి పొడిగాలి కొండల మీంచి దిగితే కొన్ని గంటల్లోనే స్వెట్టర్ తీసేయాల్సినంత వేడెక్కుతుంది. ఆ గాలి నేలలోని తడిని పీల్చేసి వెళ్తుంది.

దీని ఫలితం ఇంటి చుట్టూ తిరిగితే కనిపిస్తుంది. ఉత్తరం వైపు నీడలో మంచు కుప్పలు నెలల తరబడి కరగక, వాటి కింద గడ్డికి బూజు పడుతుంది. మార్చిలో చూస్తే గుండ్రటి ఎండుగడ్డి రంగు మచ్చలు, దగ్గరికెళ్తే సాలెగూడు లాంటి తెల్లటి నూగు. చూడ్డానికి భయం వేస్తుంది గానీ పళ్ల కర్రతో పైపైన దువ్వితే ఏప్రిల్‌కల్లా కోలుకుంటుంది. దక్షిణం, పడమర వైపులది అసలు జబ్బు. అక్కడ గోడ వేడికి మంచు నిలవదు, నేల పొడిబారుతుంది. కంటికి ఆనని నల్లులు చేరి జనవరి నుంచి గడ్డి రసం పీల్చేస్తాయి. వసంతం వచ్చాక అందరి గడ్డీ పచ్చబడితే ఆ గోడ వారగా ఉన్నది మాత్రం లేవదు. మందు కొట్టినా లాభం తక్కువ. విరుగుడు నీళ్లే.

కాబట్టి చలికాలంలో కూడా గడ్డికి నీళ్లు పెట్టాలి. కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇదే. అక్టోబరు నుంచి మార్చి దాకా మూడు, నాలుగు వారాలు మంచు పడకపోతే, ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజు చూసి, మిట్టమధ్యాహ్నం గొట్టంతో ఆ రెండు వైపులా తడపాలి. నేల గడ్డకట్టి ఉంటే దండగ. తడిపాక గొట్టాన్ని కుళాయి నుంచి విప్పేయాలి. మర్చిపోతే ఆ రాత్రికి గొట్టంలోని నీరు గడ్డకట్టి, గోడ లోపల పైపు పగులుతుంది. గడ్డి కోసం చూసుకుంటే బేస్‌మెంట్ తడిసిపోతుంది.

అడుగున ఉన్నది ఇటుక మట్టి

మళ్లీ ఆ పెద్దాయన దగ్గరికి వద్దాం. రెండు వారాలు పోయాక ఆయన గ్యారేజీలోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తెచ్చి లాన్‌లో గుచ్చి చూశారు. రెండంగుళాలు దిగి ఆగిపోయింది. "కింద అంతా గట్టిపోయింది రా. నువ్వు పోసేదంతా పైనే తేలి కాలవలోకి పోతాది" అన్నారు. ఈ పరీక్ష తోట నిపుణులు కూడా చెప్పేదే. ఆయన దాన్ని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

డెన్వర్ చుట్టుపక్కల నేల చాలాచోట్ల బంకమట్టి. కాలనీ కట్టేటప్పుడు బుల్డోజర్లు పైమట్టి ఎత్తేస్తాయి, మిగిలినదాన్ని తొక్కి చదును చేస్తాయి. ఇల్లు అప్పజెప్పే వారం పొలాల్లో పెంచిన గడ్డిని చాపలా చుట్టి తెచ్చి, ఆ గట్టినేల మీద పరుస్తారు. మొదటి రోజే ఫొటోకు పనికొస్తుంది. వేళ్లు మాత్రం మూడంగుళాలు దాటి దిగవు. వేళ్లు పైనే ఉన్న గడ్డికి రెండు రోజులకోసారి దాహమేస్తుంది. నిజానికి పరిచే ముందే వెయ్యి చదరపు అడుగులకు ఒక చిన్న ట్రక్కు కంపోస్టు వేసి ఆరంగుళాల లోతు కలియదున్నితే సగం బాధ తప్పుతుంది. బిల్డర్లు ఆ ఖర్చు పెట్టడం అరుదు. కొనేవాళ్లు వంటింటి గ్రానైటు చూసుకుంటారు గానీ వాకిట్లో మట్టి చూడరు.

ఇప్పటికే పరిచేసిన గడ్డికి దారి ఏరేషన్. ఏప్రిల్‌లోనో సెప్టెంబరులోనో ఓ మిషన్ వచ్చి లాన్ అంతా వేలెడంత మట్టి కడ్డీలను పీకి పైన పడేసి పోతుంది. ఆ కంతల్లోంచి గాలి, నీరు లోపలికి దిగుతాయి. మట్టి కడ్డీలను ఎత్తక్కర్లేదు, కొన్ని వారాల్లో అవే కలిసిపోతాయి. ఆ సీజన్ రాగానే మన వాట్సాప్ గ్రూపుల్లో పదిళ్లవాళ్లు కలిసి బేరమాడి ఒకే మిషన్‌ను పిలిపించుకుంటారు. ఈ విషయంలో మనల్ని కొట్టేవాళ్లు లేరు!

నీళ్లు పెట్టే పద్ధతిలోనూ కిటుకుంది. బంకమట్టి ఒక్కసారిగా తాగలేదు. ఇరవై నాలుగు నిమిషాలు ఏకధాటిగా తిప్పే బదులు ఎనిమిదేసి నిమిషాల చొప్పున మూడుసార్లు, మధ్యలో గంటసేపు ఆపి తిప్పితే నీరు లోతుకు దిగుతుంది. ఎంత పడుతోందో తెలియాలంటే లాన్‌లో అక్కడక్కడా ఖాళీ డబ్బాలు పెట్టి కొలవండి. ఒక మూల పావు అంగుళం, ఇంకో మూల ముప్పావు అంగుళం పడుతున్న ఇళ్లే ఎక్కువ. ఎండిన మచ్చ కనబడగానే మొత్తం లాన్‌కు టైమర్ పెంచేస్తారు. మార్చాల్సింది ఆ ఒక్క నాజిల్.

కోయడం సంగతి. రెండున్నర, మూడు అంగుళాల ఎత్తు ఉంచాలి. ఒక్కసారికి మూడోవంతు కంటే ఎక్కువ కోయకూడదు. పొడుగ్గా ఉన్న గడ్డి తన నేలకు తనే నీడ పడుతుంది. కోశాక కొసలు దగ్గరగా చూడండి. నున్నగా తెగితే సరే. తెల్లటి పీచులు వేలాడుతుంటే బ్లేడు మొద్దుబారిందని అర్థం. ఆ చిరిగిన కొసల్లోంచి పొడిగాలి తేమ లాగేస్తుంది, దూరం నుంచి లాన్ బూడిదరంగులో కనబడుతుంది. దానికి నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. ఇక ఆ సంచి. కోసిన గడ్డిని సంచిలో పట్టడం మానేసి అక్కడే వదిలేస్తే ఆ లాన్‌కు ఏడాదికి కావాల్సిన నత్రజనిలో పావు వంతు దాకా తిరిగొస్తుంది. గేదె లేకపోయినా గడ్డి వృథా పోదన్నమాట. ఎరువు వేయాల్సిన ముఖ్యమైన సమయం వసంతం కాదు, శరదృతువు. అప్పుడు వేసింది వేళ్లకు పడుతుంది. ఏప్రిల్‌లో గుప్పిళ్లతో వేస్తే వారానికి రెండుసార్లు కోసుకోవడమే మిగులుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట, ఎవరూ నమ్మని మాట ఒకటుంది. జులైలో ఎండుగడ్డి రంగుకు తిరిగిన బ్లూగ్రాస్ చచ్చిపోలేదు, నిద్రపోయింది. నేల కింద దాని దుంపవేళ్లు కొన్ని వారాలు బతికే ఉంటాయి. సెప్టెంబరులో చల్లబడి రెండు తడులు పడితే మళ్లీ లేస్తుంది. కరవు ఏడాదిలో దాన్ని పడుకోనివ్వడమే మంచి సేద్యం.

పైపుల్లో గాలి

అక్టోబరు మొదటి రెండు వారాల్లో డెన్వర్ వీధుల్లో ఒక వింత చప్పుడు. ట్రాలీ మీద కంప్రెసర్లు వేసుకుని కుర్రాళ్లు ఇంటింటికీ తిరుగుతారు. స్ప్రింక్లర్ పైపులకు గాలి గొట్టం తగిలించి వదిలితే, ఒక్కో తల బుస్సున లేచి మిగిలిన నీళ్లను పొగలా కక్కి మునుగుతుంది. ఇది చేయించకపోతే తొలి గట్టి మంచు రాత్రి పైపులు, వాటికంటే ముందు ఇంటి గోడ మీదున్న ఇత్తడి వాల్వు పగిలిపోతాయి. మేలో మళ్లీ తెరిచేటప్పుడూ తొందర పనికిరాదు. ఏప్రిల్ చివర రెండు రోజులు ఎండ కాసిందని టైమర్ పెట్టినవాళ్లు మే మొదటి వారం మంచుకు దెబ్బతింటుంటారు. ఆలోగా అవసరమైతే గొట్టంతో తడపడమే క్షేమం.

▌ఏ గడ్డి తత్వం ఏమిటి?

▪ కెంటకీ బ్లూగ్రాస్: మెత్తన, పిల్లలు తొక్కినా తట్టుకుంటుంది, ఖాళీలను తనే పూడ్చుకుంటుంది. నీళ్లు ఎక్కువ అడుగుతుంది. విత్తితే మొలకకు రెండు నుంచి నాలుగు వారాలు. ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా మంచి అదను.

▪ టాల్ ఫెస్క్యూ: వేళ్లు రెండు మూడు అడుగులు దిగుతాయి కాబట్టి తడికీ తడికీ మధ్య ఎక్కువ రోజులు ఆగుతుంది. నేల లోతుగా, గుల్లగా ఉంటేనే ఆ లాభం. దుబ్బులుగా పెరుగుతుంది, కంతలు పడితే మళ్లీ విత్తాలి.

▪ బఫెలో గ్రాస్, బ్లూ గ్రామా: ఆ నేలలోనే పుట్టినవి. బ్లూగ్రాస్ తాగే నీటిలో సగం కంటే తక్కువే చాలు. బ్లూ గ్రామా 1987 నుంచి కొలరాడో రాష్ట్ర గడ్డి. మే మధ్య దాకా పసుపు రంగే, అక్టోబరులో మళ్లీ పసుపు. నీడ పనికిరాదు. విత్తేది నేల వేడెక్కాకే.

▪ గరిక జాతులు: మన వినాయక చవితి గరికకు దగ్గరి చుట్టాలైన, చలికి తట్టుకునే రకాలు ఇప్పుడు అక్కడ దొరుకుతున్నాయి. డాగ్‌టఫ్ అనేది వాటిలో ఒకటి. విత్తనం ఉండదు, పిలకలు నాటాలి. కుక్కలున్న ఇళ్లవాళ్లు ఇష్టపడుతున్నారు.

ఉత్తరం వస్తుందన్న భయం

ఇన్ని తెలిసీ జనం బ్లూగ్రాస్‌నే ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారు? ఇష్టం కొంత, భయం కొంత. అమెరికాలో చాలా కాలనీలకు ఇళ్ల యజమానుల సంఘం, అదే హెచ్‌ఓఏ, ఉంటుంది. గడ్డి ఎండితే ఉత్తరం, కలుపు లేస్తే ఉత్తరం, గడువులోగా సరిచేయకపోతే జరిమానా. వీసా, గ్రీన్‌కార్డు బెంగల మధ్య బతికే మనవాళ్లు ఏ కాగితం వచ్చినా ఉలిక్కిపడతారు. "పక్కింటాయన ఏమనుకుంటాడో" అన్న మొహమాటం దానికి తోడు. అందుకే జులైలో అర్ధరాత్రి స్ప్రింక్లర్లు తిరుగుతుంటాయి.

ఆ భయానికి ఇప్పుడు చట్టంలో పెద్దగా చోటు లేదు. నీటి ఆంక్షలున్నప్పుడు గడ్డి ఎండిందని జరిమానా వేయడానికి సంఘాలకు వీల్లేదు. 2023లో వచ్చిన మరో చట్టం ఇంకా ముందుకెళ్లింది. విడిగా ఉన్న సొంత ఇళ్లకు సంఘం దగ్గర తక్కువ నీళ్లతో పెరిగే తోటల నమూనాలు కనీసం మూడు ముందే ఆమోదించి సిద్ధంగా ఉండాలి. ముంగిట్లో కూరగాయలు పెంచుకుంటామన్నా సంఘం కాదనకూడదు. గోంగూర పెరట్లో దాక్కోవాల్సిన పని లేదిక!

తక్కువ నీటి తోట అనగానే కొందరు లాన్ పీకేసి గులకరాళ్లు పోయించేస్తున్నారు. డెన్వర్ వాటర్ సంస్థ 1981లో జీరిస్కేప్ పేరుతో ఈ పద్ధతిని మొదలుపెట్టినప్పుడు చెప్పింది అది కాదు. ఒట్టి రాళ్లు ఎండకు కాగి ఇంటిని వేడెక్కిస్తాయి, రెండేళ్లలో రాళ్ల మధ్య కలుపు లేస్తుంది. ఇంకో ముప్పు చెట్లకు. లాన్‌లో ఉన్న పెద్ద చెట్టు అన్నేళ్లూ బతికింది గడ్డికి పోసిన నీళ్లతోనే. గడ్డి తీసి స్ప్రింక్లర్ కట్టేస్తే రెండో వేసవికి చెట్టు మోడవుతుంది. దానికి విడిగా డ్రిప్పు వేశాకే గడ్డి మీద చేయి వేయాలి.

ఈ వ్యాసకర్త అభిప్రాయం అడిగితే, లాన్ మొత్తం తీసేయాలన్న వాదనతో ఏకీభావం లేదు. పిల్లలు బంతి ఆడుకునే పెరటి పచ్చిక విలువ నీటి బిల్లులో తేలదు. వీధి వైపు వాలు మీద, గోడకూ బాటకూ మధ్య సందులో, ఇంటి దక్షిణపు గోడ వారగా ఏటా చచ్చి ఏటా అతుకు వేయించుకునే గడ్డి మాత్రం ఉండి ఎవరికీ సుఖం లేదు. అక్కడ మొదలుపెడితే చాలు.

కొలరాడోలో ఇల్లున్నవాళ్లు ముందు మీ సంఘానికి ఈమెయిల్ రాసి ఆ మూడు నమూనాలు తెప్పించుకోండి. మీ నీటి సంస్థ రాయితీ ఇస్తోందేమో కనుక్కోండి. బౌల్డర్ కేంద్రంగా పనిచేసే రిసోర్స్ సెంట్రల్ అనే స్వచ్ఛంద సంస్థ, స్థానిక నీటి సంస్థలతో కలిసి తక్కువ ధరకు గడ్డి తీయించి, నాటుకునే పటంతో సహా మొక్కల పెట్టెలు అందిస్తోంది. బఫెలో గ్రాస్ వేయాలనుకుంటే జూన్ మంచి అదను. మిగతా మొక్కలు ఆగస్టు చివర్లో, సెప్టెంబరు మొదట్లో నాటితే గట్టి మంచుకు ముందే వేళ్లు పట్టుకుంటాయి.